తోమా తీరము, తోమా కొండ: ఒక పూట యాత్ర, కొంత చరిత్ర

శతవార్షికోత్సవము జరుపుకొను సంఘము తన పూర్వ చరిత్రను తలచుకొనుట సహజము. మన గ్రామ సంఘములలో నూరేండ్ల వెనుకటి సంగతి చెప్పుకొనుటకే వృద్ధుల జ్ఞాపకములు, బాప్తిస్మపు పుస్తకములు, సమాధి రాళ్లు వెదకవలసి వచ్చుచున్నది. తాత పేరు తెలిసిన వారికి ముత్తాత పేరు తెలియదు. అటువంటప్పుడు ఒక ఊరివారు పందొమ్మిది వందల ఏండ్ల నాటి ఒక మనుష్యుని జ్ఞాపకమును నేటివరకు ఎట్లు నిలుపుకొనగలిగినారు? ఆ జ్ఞాపకములో చరిత్ర ఎంత, నమ్మకము ఎంత? ఈ ప్రశ్నలు మనసులో పెట్టుకొని మేము, సంఘస్థులము కొందరము, చెన్నపట్నములో ఒక పూట గడిపి వచ్చినాము. ఆ యాత్రలో చూచినవి, చదివి తెలుసుకొన్నవి ఈ సంచిక పాఠకుల ముందుంచుచున్నాము.

వైద్యము కొరకు, పిల్లల చదువుల కొరకు, ఉద్యోగముల కొరకు మన వారెందరో చెన్నపట్నము పోవుచుందురు. పని ముగిసి రైలుకు ఒక పూట వ్యవధి ఉన్నచో ఈ యాత్ర సులభముగా చేయవచ్చును. ఉదయమే సముద్రతీరమున శాంథోం చూచి, అక్కడనుండి సైదాపేట మీదుగా చిన్నమలై, ఆ తరువాత సెయింట్ థామస్ మౌంట్ అను పెద్దకొండ చేరవచ్చును. తీరము నుండి పెద్దకొండకు సుమారు పన్నెండు కిలోమీటర్లు. చిన్నమలై వద్దను, పెద్దకొండ వద్దను ఇప్పుడు మెట్రో రైలు స్టేషన్లు కూడ ఉన్నవి. ఎండ ముదరక ముందే కొండ ఎక్కుట మేలు.

తోమాను గూర్చి తెలిసినది

దిదుమ అనబడిన తోమాను మనము యోహాను సువార్తలో ఎరుగుదుము. మేకుల గురుతులు చూచి, ప్రక్కలో చెయ్యి పెట్టి చూచితేనే గాని నమ్మనన్నవాడు. లేఖనములలో అతని హిందూదేశ ప్రయాణము గూర్చి ఒక్క మాటయు లేదు. కేరళ క్రైస్తవుల సంప్రదాయము ప్రకారము అతడు క్రీ.శ. 52లో కొడుంగల్లూరు వద్ద ఓడ దిగి, మలబారు తీరమున సంఘములు స్థాపించి, తరువాత తూర్పు తీరమునకు వచ్చి, క్రీ.శ. 72లో మైలాపూరు దగ్గర హతసాక్షి అయినాడు.

వ్రాతపూర్వకమైన ఆధారములలో పాతది ‘తోమా కార్యములు’ అను సిరియా భాషా గ్రంథము. అది మూడవ శతాబ్దము నాటిది. మన బైబిలులో చేరినది కాదు. అందులో కథల పాలు ఎక్కువ. తోమా గొందోఫరు అను రాజు ఇచ్చిన ధనముతో మేడ కట్టక, దానిని బీదలకు పంచిపెట్టి, నీ మేడ పరలోకములో కట్టబడినదని రాజుతో చెప్పినాడట. ఇది కట్టుకథ అనియు, అట్టి రాజు అసలే లేడనియు చాలకాలము అనుకొన్నవారు ఉండిరి. అయితే పందొమ్మిదవ శతాబ్దములో కాబూలు, పంజాబు ప్రాంతములలో ఆ రాజు పేరు గల నాణెములు దొరికినవి. రాజు నిజముగా ఉన్నాడనియు, మొదటి శతాబ్దమువాడే అనియు తేలినది. ఇక్కడ ఒక సంగతి గమనింపవలెను. నాణెములు రాజును రుజువు చేసినవి గాని తోమా అతని యొద్దకు వచ్చినట్టు రుజువు చేయలేదు. పైగా ఆ రాజు ఏలినది వాయవ్య దిక్కున. మైలాపూరు అక్కడికి ఎంతో దూరము. రుజువైనంత మేరకే రుజువైనదని చెప్పుకొనుట న్యాయము.

సముద్రతీరమున శాంథోం

శాంథోం అనగా పోర్చుగీసు భాషలో ‘పునీత తోమా’ అని అర్థము. నేడు అది మహానగరములో ఒక పేట. పూర్వము పోర్చుగీసువారి ప్రత్యేక పట్టణము. వీధికి ఒక ప్రక్క దేవాలయము, దాని వెనుక బెస్తవారి ఇండ్లు, ఇసుక, సముద్రము. తెల్లని గోడలు, 155 అడుగుల గోపుర శిఖరము దూరమునుండియే కనబడును. ఇప్పుడున్న కట్టడము ఇంగ్లీషువారి కాలమున 1893లో మొదలుపెట్టి కట్టినది, 1896లో ప్రతిష్ఠింపబడినది. దాని చోట అంతకు ముందు పోర్చుగీసువారు కట్టిన గుడి ఉండెడిది. 1606లో మైలాపూరు మేత్రాసనము ఏర్పడినప్పుడు అదే ప్రధానాలయమైనది. ఈ ఆలయమునకు 1956లో బసిలికా అను గౌరవము లభించినది. 1986 ఫిబ్రవరిలో పోపు రెండవ జాన్ పాల్ ఇక్కడకును, పెద్దకొండకును వచ్చినారు.

ఆలయపు నేలకు దిగువన సమాధి గది ఉన్నది. మెట్లు దిగి వెళ్లినచో చల్లని చిన్న ప్రార్థనాస్థలము. మేము దిగినప్పుడు అక్కడ పలువురు మోకరించి ఉండిరి. బొట్టు పెట్టుకొన్న స్త్రీలు, తల మీద ముసుగు వేసికొన్న స్త్రీలు కూడ వారిలో ఉండిరి. ఇది ఈనాటి వింత కాదు. పదమూడవ శతాబ్దము చివర ఈ తీరమును గూర్చి వ్రాసిన వెనిసు యాత్రికుడు మార్కో పోలో, ఇది వర్తకులు అంతగా రాని చిన్న ఊరనియు, క్రైస్తవులును మహమ్మదీయులును కూడ ఇక్కడికి యాత్రకు వచ్చుచున్నారనియు వ్రాసినాడు. యాత్రికులు ఆ చోటి ఎర్రమట్టి తీసికొని పోయి, జ్వరము వచ్చినవారికి నీళ్లలో కలిపి త్రాగింతురనియు చెప్పినాడు. కనుక పోర్చుగీసువారు రాకమునుపు రెండు వందల ఏండ్లకు పైగానే ఇక్కడ తోమా పేర ఒక యాత్రాస్థలము ఉన్నది. ఇది సంప్రదాయము గాదు, చరిత్ర.

అయితే మార్కో పోలో విన్న మరణ కథ వేరు. తోమా తన ఆశ్రమము వెలుపల ప్రార్థన చేసికొనుచుండగా చుట్టును నెమళ్లు ఉండెను. వేటగాడొకడు నెమలిని గురిచూచి వేసిన బాణము పొరపాటున ఆయన ప్రక్కలో దిగినదట. మైలాపూరు అనగానే మయిలు, అనగా నెమలి, గుర్తుకు వచ్చును గదా! తరువాత పోర్చుగీసువారు వ్యాప్తి చేసిన కథలో ఆయన కొండమీద బల్లెపు పోటుతో చనిపోయినాడు. ‘తోమా కార్యములు’ కూడ రాజభటులు కొండమీద బల్లెములతో పొడిచినారనియే చెప్పుచున్నది. ఒకే మరణమునకు రెండు కథలు. దేనిని నమ్మవలెనని సమాధి గదిలో మమ్ములను ఎవరును అడుగలేదు.

ఎముకల సంగతియు అంతే. 1523లో పోర్చుగీసువారు సమాధి త్రవ్వగా ఎముకలు, ఒక బల్లెపు మొన, మట్టి ఉన్న కుండ దొరికినవని వ్రాసికొన్నారు. కాని అపొస్తలుని అస్థికలు ఎప్పుడో ఎదెస్సా పట్టణమునకు తరలిపోయినవని నాలుగవ శతాబ్దపు సిరియా కవి ఎఫ్రేము పాటలవలన తెలియుచున్నది. అక్కడనుండి ఖియొసు ద్వీపమునకును, 1258లో ఇటలీలోని ఓర్తోనాకును చేరినవని అక్కడివారి నమ్మకము. శాంథోం ఆలయములో ఇప్పుడు భద్రపరచినది చిన్న ఎముక తునక, బల్లెపు మొన. ఫ్రాన్సిస్ జేవియర్ 1545లో సుమారు నాలుగు నెలలు ఇక్కడ ప్రార్థనలో గడిపినట్టు మాత్రము ఆయన ఉత్తరములే సాక్ష్యము.

చెప్పుకొనవలసిన చేదు సంగతులు

చరిత్ర వ్రాయునప్పుడు మంచిని మాత్రమే ఏరుకొనుట తగదు. శాంథోం పోర్చుగీసువారు కేవలము ప్రార్థనాపరులు కారు. వారిలో వర్తకులు, సైనికులు, దురాశాపరులు కూడ ఉండిరి. మైలాపూరు కపాలీశ్వరాలయము మొదట సముద్రపు ఒడ్డున ఉండెననియు, పోర్చుగీసువారి కాలములో అది పోగా ఇప్పటి ఆలయము లోపలి భాగములో కట్టబడినదనియు చరిత్రకారులు పలువురు చెప్పుచున్నారు. పాత తమిళ శాసనముల రాళ్లు శాంథోం ఆలయ ఆవరణలో దొరికినవి. విజయనగర సామ్రాజ్యమును నడపిన అళియ రామరాయలు 1558-59 ప్రాంతమున సైన్యముతో ఈ పట్టణము మీదికి వచ్చి, పెద్ద సొమ్ము దండుగ విధించి, పెద్దలను జామీనుగా పట్టుకొని పోయినాడు. ఇక్కడి సన్యాసులు దేవళములు పడగొట్టించిరను ఫిర్యాదు అందుకు ఒక కారణమని పోర్చుగీసు చరిత్రకారులే వ్రాసినారు.

తెలుగువారి చరిత్ర శాంథోమును తాకినది అప్పుడొక్కమారే కాదు. 1662లో గోలకొండ సైన్యము దీనిని పట్టుకొన్నది. 1672లో ఫ్రెంచివారు ఆక్రమించినారు. రెండేండ్ల ముట్టడి తరువాత 1674లో డచ్చివారి సహాయముతో గోలకొండవారు తిరిగి గెలిచి, కోటగోడలు పడగొట్టించినారు. 1749లో ఇంగ్లీషువారి చేతికి వచ్చినది. ఇన్ని చేతులు మారినను సమాధి దగ్గర దీపము ఆరలేదు. రాజులు కోట కొరకు వచ్చినారు. జనము సమాధి కొరకు వచ్చినారు.

ఆలయము వెనుక సముద్రపు వైపున ఒక కొయ్య స్తంభము ఉన్నది. సముద్రము దీనిని దాటి రాదని తోమా చెప్పి నాటినాడని జనశ్రుతి. 2004 డిసెంబరు 26న సునామి వచ్చినప్పుడు ఆలయమునకు హాని కలుగలేదు. స్తంభము మహిమయే అని చాలమంది చెప్పుకొన్నారు, ఇప్పటికిని చెప్పుచున్నారు. మేము ఈ మాటను తేలికగా ఒప్పుకొనలేక పోయినాము. ఏలయనగా ఇదే తీరమున, దక్షిణముగా కొద్ది దూరములోనే, శ్రీనివాసపురమను బెస్తవారి పేట ఉన్నది. ఆ ఉదయము ఆ అల అక్కడ ఇండ్లను కూల్చి, ప్రాణములను తీసికొని పోయినది. దేవుడు గోడలను కాచి, బిడ్డలను విడిచిపెట్టినాడని ఆ తల్లుల ఎదుట మనము చెప్పగలమా? ఆ దినములలో ఆశ్రయము వెదకుకొను జనమునకు ఆలయముల తలుపులు, పాఠశాలల తలుపులు తెరచిపెట్టిన సంగతి చెప్పుకొనదగినది. స్తంభమును గూర్చి ఏమి చెప్పుకొన్నను, ఆ తలుపులను మరచిపోరాదు.

వంతెన, చిన్నకొండ

మైలాపూరు వదలి సైదాపేట చేరినచో అడయారు నది అడ్డము వచ్చును. పూర్వము యాత్రికులు రేవు దాటి పోవలసి వచ్చెడిది. వానకాలములో అది ప్రమాదము. 1726లో ఖోజా పెత్రుసు ఉస్కాను అను అర్మీనియా వర్తకుడు తన సొమ్ముతో ఇక్కడ వంతెన కట్టించినాడు. దానిని మర్మలాంగ్ వంతెన అనెడివారు. దాని స్థానమున 1960లలో కట్టిన కొత్త వంతెనకు మరైమలై అడిగళ్ పేరు పెట్టినారు. ఉస్కాను వేయించిన శిలాఫలకము మాత్రము రోడ్డు ప్రక్క మిగిలి ఉన్నది. బస్సుల రద్దీలో దానిని చూచువారు తక్కువ.

నది దాటగానే చిన్నమలై. కొండ అనుటకంటె రాతిగుట్ట అనుట సరి. ఇక్కడి గుహలో తోమా దాగియుండెనని, ఇక్కడి ఊట ఆయన ప్రార్థనవలన పుట్టినదని సంప్రదాయము. 1551లో పోర్చుగీసువారు కట్టిన చిన్న గుడి గుహను ఆనుకొని ఉన్నది. గుహలోనికి వంగి పోవలెను. లోపల ఇద్దరు ముగ్గురికి మించి చోటు లేదు. ఇక్కడ అరగంట చాలును.

పెద్దకొండ

పెద్దకొండను తమిళులు పరంగిమలై అందురు. పరంగివారి కొండ అని అర్థము. ఎత్తు సుమారు 300 అడుగులు. ఉత్తరపు వైపున, కొండ పాదమున నాలుగు కమానుల ద్వారము, దానిపైన సిలువ, 1547 అను సంవత్సరము కనబడును. అక్కడనుండి సుమారు 160 రాతిమెట్లు. ముసలివారికి, నడువలేనివారికి వెనుకనుండి మోటారు దారి ఉన్నది. మెట్ల మీద అక్కడక్కడ కూర్చుండి అలసట తీర్చుకొనవచ్చును. పైకి చేరినచో మీనంబాక్కం విమానాశ్రయమున విమానములు దిగుటయు, తూర్పున సముద్రపు గీతయు కనబడును. ఉదయము మేము చూచిన తీరము ఇంత దూరమా అనిపించును.

కొండమీద ఉన్నది నిరీక్షణ మాత ఆలయము. చిన్నది, పాతది. దాని పునాది త్రవ్వుచుండగా 1547లో ఒక రాతి సిలువ దొరికినది. ఇప్పుడు బలిపీఠము వెనుక గోడలో ఉన్నది. తోమా స్వహస్తముతో చెక్కినాడని, ఆయన రక్తము దానిపై పడినదని పోర్చుగీసువారు నమ్మినారు. 1558 డిసెంబరు 18న పూజ జరుగుచుండగా ఆ రాయి చెమర్చినదనియు, రక్తబిందువులు కనబడినవనియు, అట్లు 1704 వరకు అప్పుడప్పుడు జరిగినదనియు చెప్పుదురు.

సిలువ చుట్టు కమానువలె ఏవో అక్షరములున్నవి. మూడు వందల ఏండ్లు అవి ఎవరికిని సరిగా చదువ రాలేదు. 1873లో బర్నెల్ అను ఇంగ్లీషు పండితుడు అది పహ్లవి లిపి, అనగా పాత పారసీక భాషా లిపి, అని తెలిపి ప్రకటించినాడు. అదే వ్రాత గల సిలువలు కేరళలో కొట్టాయము మొదలగు చోట్ల కూడ ఉన్నవి. ఆ వాక్యము అర్థమును పండితులు ఒక్కొక్కరు ఒక్కొక్క విధముగా చెప్పినారు. అయితే ఆ లిపిని బట్టి ఇది తోమా కాలము నాటిది కాదనియు, కొన్ని వందల ఏండ్ల తరువాతిదనియు పండితుల మాట.

ఇది విని మాలో కొందరికి మొదట మనసు చివుక్కుమన్నది. కాని ఆలోచింపగా సంతోషమే కలిగినది. తోమా చెక్కిన సిలువ కాకపోవచ్చును. అయితే పోర్చుగీసువారు ఈ దేశము పేరు వినకమునుపే, పారసీక భాష ఎరిగిన క్రైస్తవులు ఈ కొండమీద ప్రార్థించి, రాయి చెక్కి, తమ విశ్వాసమును దానిమీద వ్రాసి పెట్టినారు. వారి పేర్లు మనకు తెలియవు. వారి సంఘము ఏమైనదో తెలియదు. రాయి మాత్రము మట్టిక్రింద మిగిలినది. పోర్చుగీసువారు తెచ్చిన మతమని మనలను ఎత్తిపొడుచువారికి ఇంతకంటె గట్టి జవాబు లేదు. ఇది చరిత్ర చెప్పిన జవాబు గనుక దానిలో అతిశయోక్తి అక్కరలేదు.

ఈ మెట్లు కట్టించినది ఎవరనుకొన్నారు? వంతెన కట్టించిన ఉస్కానే. యాత్రికులు రాళ్లు ముళ్లు తొక్కుకొని ఎక్కుట చూచి మెట్లు వేయించినాడు. అతడు పారసీక దేశములోని జుల్ఫా నగరమునుండి వర్తకమునకు వచ్చినవాడు. 1746లో ఫ్రెంచివారు చెన్నపట్నము పట్టుకొన్నప్పుడు వారితో చేరుటకు ఒప్పుకొనక ఆస్తి పోగొట్టుకొన్నాడు. 1751లో చనిపోగా వేపేరిలో పాతిపెట్టినారు. అతని గుండెను మాత్రము ఒక పెట్టెలో పెట్టి జుల్ఫాకు పంపినారు. గుండె పుట్టిన ఊరికి పోయినది, మెట్లు ఇక్కడ మిగిలినవి. నేటికిని ఆ మెట్లమీద కూలివారు, గర్భిణులు, పరీక్ష వ్రాయబోవు పిల్లలు ఎక్కుచున్నారు. వారిలో ఉస్కాను పేరు విన్నవారు ఎందరు?

ఈ కొండకు మరియొక ప్రఖ్యాతి కలదు. 1802 ఏప్రిలు 10న విలియం లాంబ్టన్ అను సైనికాధికారి ఈ కొండ దగ్గర ఏడున్నర మైళ్ల ఆధార రేఖను నూరు అడుగుల ఉక్కు గొలుసుతో కొలుచుట మొదలుపెట్టినాడు. ఆ పని ముగియుటకు 57 దినములు పట్టినది. హిందూదేశమునంతటిని కొలిచిన గొప్ప త్రికోణమితి సర్వేకు అదియే పునాది. ఆ కొలత మన తెలుగు నేలమీదుగా ఉత్తరమునకు సాగినది. 1818లో జార్జి ఎవరెస్టు లాంబ్టన్‌తో చేరినది హైదరాబాదులోనే. ఎవరెస్టు శిఖరమునకు పెట్టినది ఆయన పేరే. చూచితేనే గాని నమ్మనన్న తోమా పేరు గల కొండయొద్దనే దేశమును గొలుసు పెట్టి కొలుచుట మొదలగుట తగియే ఉన్నది.

మన శతవార్షికోత్సవమునకు

కొండ దిగునప్పటికి మధ్యాహ్నమైనది. అప్పటికి మాకు తోచినది ఇది. తోమా ఇక్కడికి వచ్చినాడా అను ప్రశ్నకు రుజువుతో కూడిన జవాబు లేదు. వచ్చినాడని నమ్ముటకు అడ్డమును లేదు. మొదటి శతాబ్దములో రోమా సామ్రాజ్యమునుండి మన తీరములకు ఓడలు వచ్చుచుండెననుట నిజము. అయినను వీలున్నది వేరు, జరిగినది వేరు. తోమా ఆధారము అడిగినాడు. అందుకు ప్రభువు అతనిని వెళ్లగొట్టలేదు. గాయములు చూపించినాడు. కావున చరిత్రలో ఆధారము అడుగుట అవిశ్వాసము కాదు.

మన శతవార్షికోత్సవములో కూడ ఈ నియమము పాటింపవలెనని మా మనవి. ఫలాని దొరగారు ప్రార్థింపగానే వాన కురిసినదని, ఫలాని చోట గుడికి నిప్పు అంటలేదని కథలు చెప్పుకొందుము. చెప్పుకొనవచ్చును, కాని అవి పెద్దలు చెప్పిన మాటలని చెప్పి వ్రాయవలెను. రుజువున్నవాటిని రుజువుతో వ్రాయవలెను. మనవారు చేసిన తప్పులు, కులభేదములు, తగాదాలు దాచరాదు. ముఖ్యముగా పేరు లేనివారిని మరువరాదు. తెలుగు నేలకు వచ్చిన అజరయ్య గారిని చూడుడు. ఆయన తిరునల్వేలి తమిళుడు, 1909లో దోర్నకలు వచ్చి తెలుగు నేర్చుకొని, 1912లో ఆంగ్లికను సంఘములో మొదటి భారతీయ బిషప్పు అయినారు. ఆయనను గూర్చి కాగితములున్నవి, పుస్తకములున్నవి. అయితే ఆయనతో కూడ పల్లెపల్లె తిరిగిన ఉపదేశకుల పేర్లు, వారి భార్యలు, రాత్రిబడి నడిపినవారు, గుడికి రాళ్లు మోసినవారు, ఎన్ని సంఘముల పుస్తకములలో ఉన్నారు?

బాప్తిస్మపు రిజిస్టర్లు చెదలు పట్టిపోవుచున్నవి. ఎనుబది ఏండ్లు దాటిన పెద్దలు ఒక్కొక్కరుగా వెళ్లిపోవుచున్నారు. ఈ సంవత్సరములోనే ప్రతి సంఘమును ఇద్దరు యౌవనస్థులను నియమించి, పెద్దలు చెప్పునది వ్రాయించి, పాత పుస్తకములకు నకళ్లు తీయించి, అధ్యక్ష మండల కార్యాలయములో భద్రపరచినచో బాగుండును. పహ్లవి అక్షరములు చెక్కిన ఆ సంఘమువలె మన వారు కూడ పేరు తెలియక పోరాదు.

చెన్నపట్నము పోవు మన సంఘస్థులు ఒక పూట వీలు చేసికొని ఈ తీరమును, ఈ కొండను చూచి రావలెనని కోరుచున్నాము. మెట్లు ఎక్కునప్పుడు ఆ అర్మీనియా వర్తకుని ఒక్కసారి తలచుకొనుడు.